మెట్లబండ్లు రెండు, స్థితి బాగున్నది

“కప్పుల పిడులు కుడివైపుకి తిప్పి పెట్టమని ఎన్నిసార్లు చెప్పాలి నీకు?” అన్నారు మావారు, వంటింటి అలమర ముందు నిలబడి.

“పొయ్యి దగ్గర నిలబడినప్పుడు నాకు ఖాళీగా ఉండేది ఎడమచెయ్యి. దానికి అందేలా పెట్టుకున్నాను,” అన్నాను.

“హాల్లో నూట ఇరవై కప్పులు పెడతాం. ఒక్క పిడి వంకరగా ఉండదు. ఇంట్లో తొమ్మిది కప్పులకి ఇంత చేతకానితనమా?”

“హాల్లో కడిగేవాళ్ళు వేరు, పెట్టేవాళ్ళు వేరు, పోసేవాళ్ళు వేరు. ఇక్కడ అన్నీ నేనే. నా కప్పులు నా ఇష్టం.”

మధ్యగదిలోంచి అత్తయ్య గొంతు వినిపించింది. “ఒరేయ్, ముందు కప్పులో కాఫీ ఉందో లేదో చూసుకో. పిడి ఎటుంటే ఏం, తాగే నోరు ఒక్కటేగా!”

“గోడవైపుకి తిప్పేద్దాం నాన్నా,” అంది మా అమ్మాయి జడ వేసుకుంటూ. “అప్పుడు ఇద్దరికీ అందవు. గొడవే ఉండదు.”

ఆయన నవ్వలేదు. తొమ్మిది కప్పుల్నీ ఒక్కొక్కటిగా కుడివైపుకి తిప్పి, కాఫీ తాగకుండానే యూనిఫాం టోపీ తీసుకుని వెళ్ళిపోయారు. సైకిలు వీధి మలుపు తిరిగేదాకా ఆగి, నేను తొమ్మిదింటినీ మళ్ళీ ఎడమవైపుకి తిప్పాను.

ఆ రోజుల్లో మా ఇంట్లో పోట్లాటలన్నీ ఇలాంటివే. సబ్బు తడిగా వదిలేశారనీ, కిటికీ గడియ సరిగ్గా పడలేదనీ, పేపరు మడత తప్పిందనీ. అసలు సంగతి మాత్రం ఎవరమూ ఎత్తేవాళ్ళం కాదు. రోజుకి ఆరు విమానాలు దిగే చోట నాలుగయ్యాయి, ఆ నాలుగు కాస్తా రెండయ్యాయి.

మా ఊరికి విమానాశ్రయం రావటంలో మా ఊరి గొప్పతనం ఏమీ లేదు. రెండు మహానగరాలకి సరిగ్గా మధ్యదారిలో ఉంది, అంతే. అంత దూరం ఒక్క బిగిన ఎగరలేని విమానాలు ఇక్కడ దిగి, ఇంధనం పోయించుకుని, గంట తర్వాత మళ్ళీ లేచేవి. ఆ గంటసేపు ప్రయాణికులు కూర్చోవటానికి కట్టినదే ట్రాన్సిట్ హాలు. మావారు పంతొమ్మిదేళ్ళుగా దానికి సూపర్‌వైజరు. ప్రయాణికులు మెట్లు దిగుతుంటే హాలు గుమ్మంలో నిలబడి చూసేవారు. ఆ దిగే తీరుని బట్టి ఎవరికి ముందు నీళ్ళివ్వాలో, ఎవరికి కుర్చీ జరపాలో ఆయనకి తెలిసిపోయేది. “పైమెట్టు మీద ఆగి గట్టిగా ఊపిరి పీల్చేవాళ్ళు కాఫీ అడుగుతారు. తలొంచుకుని గబగబా దిగేవాళ్ళకి స్నానాలగది దారి చూపించాలి,” అనేవారు. పెళ్ళైన కొత్తలో నన్ను పక్కన నిలబెట్టుకుని ఒక విమానమంతా అలా చెప్పారు. నేను లెక్కపెట్టాను. నలభై ఒక్కమందిలో ముగ్గురి విషయంలోనే తప్పారు.

మా తమ్ముడు కూడా అక్కడే పనిచేసేవాడు, మాతోనే ఉండేవాడు. ముప్పై ఆరేళ్ళొచ్చినా పెళ్ళి మాటెత్తితే చెప్పులు వేసుకుని బయటికి పోయే రకం. మెట్లబండి వాడి చేతిలో ఉండేది. విమానం ఆగగానే చక్రాల మెట్లని ట్రాక్టరుతో లాక్కెళ్ళి తలుపుకి ఆనించాలి. “బావా, నువ్వెంత మర్యాద చేస్తే ఏం లాభం, నేను దించితేనేగా వాళ్ళు నీ దగ్గరికొచ్చేది!” అని మావారిని ఏడిపించేవాడు.

పెద్ద విమానం ఫోటో పేపర్లో పడిన రోజున ఇద్దరూ దాన్ని బల్లమీద పరుచుకుని కూర్చున్నారు.

“లోపల రెండు వీధులున్నాయట బావా. ఒక వరసలో పదిమంది. మొగుడూపెళ్ళాం పోట్లాడుకుంటే చెరో వీధిలోంచి వెళ్ళిపోవచ్చు.”

“పెళ్ళి కానివాడికి నీకెందుకురా ఆ సౌకర్యం?” అంది అత్తయ్య.

“టిక్కెట్టు కూడా బాగా తగ్గిందట,” అంది మా అమ్మాయి, వాళ్ళ భుజాల మీదుగా చదువుతూ. “ఇకమీద మామూలు వాళ్ళు కూడా ఎక్కొచ్చని రాశాడు.”

మావారు ఆ మాటలేవీ వినటం లేదు. ఆ వార్తలో ఇంకో వాక్యం ఉంది. నేను పొద్దున్నే చదివాను. ఈ విమానాలకి మధ్యలో ఆగవలసిన అవసరం చాలా చోట్ల ఉండదని.

రెండు నెలల తర్వాత కంపెనీ పెద్దాఫీసు నుంచి ఒక ఉత్తరం వచ్చింది. పెద్ద విమానం మూడువందల అరవై మందితో ఒక రోజున మా ఊళ్ళో ఇంధనానికి ఆగుతుంది. దాంట్లో ఒక ఆఫీసరు వస్తారు. ఆయన దిగి ఏర్పాట్లు చూసి, బాగున్నాయంటే ఇక రోజూ ఆగుతుంది. లేకపోతే ‘ఈ స్టేషను భవిష్యత్తు పునఃపరిశీలించబడును’.

ఆయన ఆ ఉత్తరం నాకు చదివి వినిపించారు. ఆగితే రోజుకి మూడువందల అరవై మంది. ఆగకపోతే హాలు లేదు. హాలు లేకపోతే మేముంటున్న కంపెనీ క్వార్టర్సూ లేదు. వీటన్నిటికంటే, గుమ్మంలో నిలబడటం తప్ప ఇంకేదీ ఆయనకి చేతకాదు. అది ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

ఏర్పాట్లకి వేసిన కమిటీకి మావారే పెద్ద. ఆ నెలంతా ఇంట్లో ఒక్క కప్పు గురించి కూడా మాట రాలేదు. హాలు పక్క గోడ కొట్టించి వెడల్పు చేయించారు. కుళాయిలు ఎనిమిది నుంచి ఇరవై నాలుగుకి పెంచారు. కప్పులు పక్క ఊరి హోటళ్ళ నుంచి అరువు తెచ్చారు. క్వార్టర్సులో ఆడవాళ్ళందరినీ కాఫీ పొయ్యటానికి రమ్మని ఇంటింటికీ వెళ్ళి ఆయనే అడిగి వచ్చారు. ఎదురింటి వైర్‌లెస్ ఆపరేటరు భార్య నాతో అంది కూడా, “మీవారు ఇంత నవ్వుతారని నాకు తెలీదండీ” అని.

పెద్దాఫీసు నుంచి నింపి పంపమని ఒక ఫారం వచ్చింది, నాలుగు పేజీలు. ఆయన చిత్తు రాసి ఇస్తే నేను సాపు రాశాను. పెళ్ళైనప్పటి నుంచీ ఆయన ఆఫీసు కాగితాలన్నీ నా చేతి మీదుగానే వెళ్ళేవి. ఆయన దస్తూరి కోడి గీకినట్టుంటుంది. కుర్చీలకీ కప్పులకీ లెక్క సరిపోయిందో లేదో రెండుసార్లు చూశాను. చెంచాలు ఆరు తక్కువని పట్టుకున్నాను. మూడో పేజీలో ఇలా ఉంది: ‘మెట్లబండ్లు: ఉన్నవా? ఎన్ని? స్థితి?’ ఆయన చిత్తులో ఉన్నట్టే అందంగా రాశాను. ‘ఉన్నవి. రెండు. స్థితి: బాగున్నది.’

అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

విమానం పదిన్నరకి వచ్చింది. ముందు చప్పుడు వినిపించలేదు, నీడ వచ్చింది. హాలు అద్దాల మీద నుంచి పాకి, గోడలన్నీ ఒక్కసారి చల్లబడినట్టయింది. తర్వాత అది రన్‌వే చివర వంగి దిగి, దూరంగా చిన్నగా కనిపిస్తూ, దగ్గరకొచ్చేకొద్దీ పెరుగుతూ పెరుగుతూ ఇక ఆగదేమో అనిపించింది. హాలు ముందు నిలబడేసరికి దాని పొట్ట కింద మా పాత విమానం ఒకటి దూరిపోయేలా ఉంది. మేం పద్ధెనిమిది మంది ఆడవాళ్ళం కాఫీ కెటిళ్ళతో వరసగా నిలబడ్డాం. మావారు గుమ్మంలో, ఇస్త్రీ చేసిన యూనిఫాంలో, చేతులు వెనక్కి కట్టుకుని.

తమ్ముడు ట్రాక్టరుతో మెట్లబండిని తీసుకెళ్ళాడు. ఎప్పటిలాగే ఒక్క తాకిడి లేకుండా విమానం పక్కకి చేర్చాడు. ట్రాక్టరు ఆపి, దిగి, పైకి చూశాడు. చూస్తూనే ఉండిపోయాడు.

మెట్లు అయిపోయిన చోటు నుంచి తలుపు గడప దాకా ఇంకో నిలువెత్తు మనిషి పట్టేంత ఖాళీ ఉంది. ఆ మనిషి చెయ్యెత్తి మునివేళ్ళ మీద నిలబడితే గడప అందుతుందేమో.

తలుపు తెరుచుకుంది. ఒక విమానసేవిక తొంగి చూసి, కిందికి చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

మావారు పరుగెత్తారు. ఆయన పరుగెత్తటం నేను అప్పటిదాకా చూడలేదు. “ఏరా! ఇంకా పైకి లేపు!”

“ఇంకెక్కడికి లేపను బావా? ఇంతే ఇది.”

“మరి నీ రెండో బండి?”

“అదీ ఇంతే. రెండూ ఒకటే కొలత.”

“ముందెందుకు చెప్పలేదురా?”

తమ్ముడు ఇంకా పైకే చూస్తున్నాడు. “దీనికి సొంత మెట్లు ఉంటాయనుకున్నాను బావా. మన దగ్గర దిగే మూడింజన్ల విమానానికి తోక కింద నుంచి మెట్లు దిగుతాయిగా. అంత చిన్నదానికే ఉంటే ఇంత పెద్దదానికి ఉండవా అనుకున్నాను. ఈ బండి ఊరికే మర్యాదకి తెచ్చాను.”

 హాలు ఆయనది, మెట్లు తమ్ముడివి. ఇన్నేళ్ళుగా ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టలేదు. ఆ గౌరవమే కొంప ముంచింది.

ఆ తర్వాత గంటన్నర ఏం చెయ్యలేదని! మెట్ల పైన హాల్లోని బల్ల ఎక్కించారు. అది ఊగింది. పైలెట్టు కిటికీలోంచి తల బయటపెట్టి వద్దని చెయ్యి ఊపాడు. రంగులు వేసేవాళ్ళ నిచ్చెన తెచ్చి మెట్లమీద నిలబెట్టబోయారు. ఎవరో ప్రమాదం వచ్చినప్పుడు వాడే గాలి జారుడుబల్ల సంగతి ఎత్తారు. “జారి దిగుతారు సరే, మళ్ళీ ఎక్కేదెట్లా?” అన్నాడు తమ్ముడు. వాడి జోకులకి ఎప్పుడూ నవ్వే లోడర్లు ఆ మాటకి నవ్వలేదు. అది జోకు కాదు కూడా. ఇంధనం గొట్టం మాత్రం రెక్కకి అందింది. విమానం తనకి కావలసింది తాను తాగుతూ నిలబడింది.

పెద్దాఫీసు ఆఫీసరు తలుపు దగ్గరికి వచ్చారు. చక్కని సూటు, చేతిలో ఫైలు. రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని అరిచారు. “హాలు బాగా చేయించారు! ఇక్కడికి కనిపిస్తోంది!”

“థాంక్యూ సర్!” అని కిందినుంచి మావారు అరిచారు. “ఇరవై నాలుగు కుళాయిలు సర్! కాఫీ సిద్ధంగా ఉంది!”

“ఆఁ?”

“కాఫీ, సర్! కాఫీ!”

నేను ఆ మాట వినలేక తల తిప్పుకుని కిటికీల వైపు చూశాను. ప్రతి కిటికీలో ఒక ముఖం. పూర్వం మా హాల్లోకి వచ్చినవాళ్ళ లాంటి ముఖాలు కావవి. అప్పుడు వచ్చేవాళ్ళు తోలుసంచులతో, చేతికర్రలతో, ఎవరినీ చూడకుండా కూర్చునేవాళ్ళు. ఇక్కడ తలగుడ్డ చుట్టుకున్న ముసలావిడ ఉంది. ఎండకి కమిలిన మెడలతో కూలిపనికి వెళ్ళేవాళ్ళలా నలుగురు మగవాళ్ళు ఉన్నారు. నా వయసు ఆవిడ ఒకతె పసిబిడ్డని కిటికీకి ఆనించి, వాడి చెయ్యి పట్టుకుని నాకు ఊపించింది. ఇంతకు ముందైతే వీళ్ళలో ఒక్కరైనా విమానం ఎక్కగలిగేవాళ్ళా? వీళ్ళకోసమే ఇది ఇంత పెద్దదయింది. వీళ్ళు ఎక్కగలగటం వల్లే మేం అక్కర్లేకపోతున్నాం. ఎవరిమీద కోపం తెచ్చుకోవాలో నాకు తెలియలేదు. నేనూ చెయ్యి ఊపాను.

చివరికి మావారు తాడు తెప్పించారు. మూత బిగించిన కాఫీ క్యానుకి కట్టించి పైకి లాగమన్నారు. మొదటి క్యాను సగం దారిలో ఒరిగింది. కాఫీ విమానం తెల్లటి పక్క మీదుగా చారలు చారలుగా కారింది. రెండోది అందింది. మూడోదానికి కంట్రోలు టవరు నుంచి పిలుపొచ్చింది, బయలుదేరే వేళయిందని. విమానసేవిక తాడు కిందికి వదిలేసి, తలుపు మూస్తూ ఆయనకి నమస్కారంలాగా తల వంచింది.

అది వెళ్ళిపోయాక మూడువందల అరవై కప్పులు బల్లలమీద ఉన్నాయి. ఆయన మాతో పాటు నిలబడి అన్నీ ఖాళీ చేయించి, కడిగించి, అరువు తెచ్చినవి వేరుచేయించి, మూడింటికి ఇంటికొచ్చారు. చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి, “మెట్లు,” అన్నారు.

తమ్ముడు వారంరోజులు ఆయన ముఖంలోకి చూడలేదు. వంటింటి గుమ్మంలో నిలబడి నాతో గుసగుసలాడేవాడు. “అక్కా, నన్ను ఒక్కటి కొట్టమని చెప్పవే. తిట్టకుండా ఊరుకుంటే నా వల్ల కావటం లేదు.”

“నువ్వే అడుగు.”

“అడిగాను. ‘ఫారంలో సంతకం నాదిరా’ అన్నాడు.”

సంతకం ఆయనది. రాసింది నేను. చెంచాలు ఆరు తక్కువని పట్టుకున్న నేను.

మూడు వారాలకి పెద్దాఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. వచ్చే సీజను నుంచి ఇంకా ఎక్కువ దూరం ఎగరగల పెద్ద విమానాలు వస్తున్నందున, ఈ మార్గంలో మధ్యలో ఆగవలసిన అవసరం ఉండదు. నెలాఖరుకి స్టేషను మూసివేయబడును. సిబ్బందిలో కోరినవారికి నగరంలోని విమాన భోజనశాలలో ఉద్యోగం ఇవ్వబడును. అంగీకారం ఫలానా తేదీలోగా పంపవలెను. మావారికి ఇచ్చింది భోజనం పళ్ళేలు సర్దే వరస మీద పర్యవేక్షకుడి పని. అక్కడ క్వార్టర్సు ఇస్తారు.

నేను ఆ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి చదివినప్పుడు పై వరస దగ్గర ఆగిపోయాను. ‘ఫలానా తేదీ బోర్డు తీర్మానం ప్రకారం’ అని ఉంది. కేలండరు తీసి చూశాను. అది పెద్ద విమానం మా ఊరికి రావటానికి పదకొండు రోజుల ముందు తేదీ.

ఆయన భుజాల మీద బరువు దించగలిగేది దొరికిందని సంతోషపడ్డాను. అంత తెలివితక్కువ పని జీవితంలో ఇంకెప్పుడూ చెయ్యలేదు.

“ఏవండీ, ఈ తేదీ చూడండి. మనం ఇంకా కుళాయిలు బిగిస్తున్నప్పుడే వాళ్ళు తీర్మానం చేసేశారు. మెట్లు అందినా అందకపోయినా ఒకటే. మీ తప్పేం లేదు, తమ్ముడి తప్పూ లేదు.”

ఆయన కాగితం తీసుకుని చూశారు. “టైపు తప్పు,” అన్నారు.

“కిందకూడా అదే తేదీ ఉంది.”

“రెండుచోట్లా తప్పే. తీర్మానం ముందే అయిపోతే విమానం ఎందుకు పంపుతారు? పిచ్చివాళ్ళా?”

“ఏర్పాటు ముందే అయిపోయింది కాబట్టి మానుకోలేక పంపి ఉంటారు.”

“నీకు అర్థం కావటం లేదు.” ఆయన గొంతు పెంచలేదు. అమ్మాయికి లెక్క చెప్పేటప్పటి ఓపికతో చెప్పారు. “మెట్లు అందలేదు, అందుకని దిగలేదు. దిగితే హాలు చూసేవాళ్ళు. ఆఫీసరు కూర్చునేవాడు. ఒక్క కప్పు కాఫీ తాగి ఉంటే...”

అప్పుడు ఆయన ముఖం చూశాను. తప్పు తనదైతే దిద్దుకోవచ్చు, మెట్లు పెంచవచ్చు. అసలు తనతో పనే లేదంటే దిద్దుకోవటానికి ఏం మిగులుతుంది? ఆ తప్పొక్కటే ఆయన చేతిలో ఉంది, దాన్ని కూడా నేను లాక్కోబోయాను. కాగితం మడిచి ఆయన బల్లమీద పెట్టేశాను. మళ్ళీ తేదీ మాటెత్తలేదు.

కానీ నగరం మాట ఎత్తక తప్పలేదు. మా ఊళ్ళో కాలేజీ లేదు. అమ్మాయికి నగరంలో సీటు వచ్చింది, నేను చదివిన సబ్జెక్టే. విమానాలు తగ్గుతున్నప్పుడే, ఎప్పటికైనా మేం అక్కడికి మారక తప్పదన్న నమ్మకంతో దరఖాస్తు పెట్టించాను. హాస్టల్లో ఉంచే స్తోమత మాకు లేదు. పదిరోజుల గడువులో రోజూ ఏదో ఒక వేళ కదిపేదాన్ని.

“కాగితం ఇవ్వండి, అంగీకారం సాపు రాసిస్తాను.”

“చూద్దాం.”

“పళ్ళేలు సర్దటమైనా అది ప్రయాణికుల పనే కదండీ.”

“ప్రయాణికులు ఎక్కడుంటారక్కడ?” అన్నారాయన. “పళ్ళెం వెళ్ళిపోతుంది. తినేవాడు కనిపించడు.”

నేను పెన్ను మూత పెట్టేశాను.

తమ్ముడు అంగీకారం పంపేశాడు. నగరంలో భోజనాల లారీ నడిపే పని. అత్తయ్య తన పెట్టె సర్దుకుని మంచం కింద పెట్టుకుంది. “కదిలేవాళ్ళం కదులుదాం, నా మూట మటుకు సిద్ధం,” అంది. అమ్మాయి కొత్త కాలేజీ కాగితాలు రోజుకి నాలుగుసార్లు తీసి చూసుకుని మళ్ళీ కవరులో పెట్టేది. మావారు పొద్దున్నే కొలతటేపు తీసుకుని విమానాశ్రయానికి వెళ్ళేవారు. మిగిలిన ఆ రెండు విమానాలు కూడా అప్పటికే రావటం మానేశాయి. ఆయన పాత మెట్లబండ్ల చుట్టూ తిరుగుతూ ఏవో కొలుస్తున్నారని వైర్‌లెస్ ఆపరేటరు భార్య వచ్చి చెప్పి, నా ముఖం చూసి మాట మార్చింది.

గడువు ఆఖరి రోజు శనివారం పడింది. మధ్యాహ్నం ఐదుగురం భోజనానికి కూర్చున్నాం. అందరం కలిసి తిని చాలా రోజులైంది. తమ్ముడు మర్నాడు వెళ్ళిపోతాడు కదా అని రెండు కూరలు చేశాను.

“నువ్వు అక్కడ వండుకుంటావా, ఊరివాళ్ళ కొంపలమీద పడతావా?” అని అత్తయ్య వాణ్ణి అడిగింది.

“లారీ నిండా భోజనాలే అత్తయ్యా. దారిలో బ్రేకు గట్టిగా వేస్తే నాలుగు నాకోసం రాలతాయి.”

అమ్మాయి ఫక్కున నవ్వింది. మావారు కూడా నవ్వారు. ఆ నవ్వు చూసి నాకు ధైర్యం వచ్చింది. పొద్దున్నించీ ఆయన ముఖం తేటగా ఉంది. స్నానం చేసి, గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. అంగీకారం పంపేద్దామని మనసుకి తెచ్చుకున్నారనుకున్నాను. నాలుగింటికి తపాలా పెట్టె తీస్తారు, ఇంకా వేళ ఉంది, తినగానే కాగితం రాసేద్దామని లోపల అనుకుంటూ ఆయనకి ఇంకాస్త కూర వేశాను.

ఆయన చెయ్యి అడ్డం పెట్టి, “ఒక మాట చెప్పాలి,” అన్నారు.

అందరం ఆగాం.

“నిన్న పెద్దాఫీసుకి రాసేశాను. ఆ ఉద్యోగం నాకు వద్దని.”

తమ్ముడి చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. “బావా!”

“పూర్తిగా విను. మూసేసినా భవనానికి కాపలా మనిషి కావాలట. ఆ పని నాకిమ్మని రాశాను. జీతం సగం. హాలు వెనక రెండు గదులున్నాయి, వాటిల్లో ఉండనిస్తారు.”

“ఎవరు రాసిచ్చారు?” అన్నాను. అంతకంటే పెద్ద ప్రశ్నలు ఎన్నో ఉండగా నా నోట్లోంచి అదే వచ్చింది.

“నేనే రాశాను.”

పంతొమ్మిదేళ్ళలో నా చేతి మీదుగా వెళ్ళని మొదటి కాగితం అది.

“కాపలా దేనికి నాయనా?” అంది అత్తయ్య నెమ్మదిగా. “ఖాళీ హాలుకా?”

“ఖాళీగా ఎందుకుంటుంది? రెండు మెట్లబండ్లనీ విప్పి ఒక్కటిగా చేస్తున్నాను. కొలతలన్నీ తీసుకున్నాను. గడప ఎత్తు నాకిప్పుడు అంగుళంతో సహా తెలుసు. ఈసారి అందుతాయి.” ఆయన తమ్ముడి వైపు తిరిగారు. “నీమీద నాకేం కోపం లేదురా. నువ్వు వెళ్ళు. అక్కడ పెద్ద విమానాలకి మెట్లు ఎట్లా బిగిస్తారో చూసి నాకు ఉత్తరం రాయి, చాలు.”

తమ్ముడు నావైపు చూశాడు. తేదీ సంగతి వాడికి నేను చెప్పాను. ఇప్పుడు చెప్పవే అన్నట్టుగా చూశాడు. నేను చూపు దించుకుని, ఎవరూ అడగకుండానే ఆయన గ్లాసులో నీళ్ళు పోశాను. గ్లాసు నిండి బల్లమీదికి పొర్లింది.

“నాన్నా,” అంది అమ్మాయి. దాని పళ్ళెంలో అన్నం కలిపింది కలిపినట్టే ఉంది. “మరి నా కాలేజీ?”

ఆయన దాని తలమీద చెయ్యి వేశారు.

“వచ్చే ఏడు చూద్దాంలే అమ్మా,” అన్నారు. “అప్పటికి విమానం ఆగుతుంది.”